తెగిన పోగును చూసుకోవడమే ఎరుక

పన్నెండు గంటలు సాంచాల నడుమ నిలబడి ఇంటికొచ్చిన మనిషి కాళ్ళు కడుక్కుంటాడు, గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు, ఫోను తీస్తాడు. ‘ఐదు నిమిషాలు చూసి పంటా’ అంటాడు. ఇంటామె రొట్టె పెట్టి పిలుస్తుంది. ‘ఆఁ’ అంటాడు. పిల్ల బడిలో జరిగింది చెప్తుంది. దానికీ ‘ఆఁ’. గంట గడుస్తుంది. రొట్టె చల్లారింది, పిల్ల పక్కింటికి పోయింది, కళ్ళు మండుతున్నాయి, నిద్ర మాత్రం రాలేదు. ‘ఏం జూసినవ్ ఇంతసేపు?’ అని అడిగితే చెప్పడానికి ఒక్కటీ గుర్తుండదు.

ఇంటామె వంతు వచ్చినా పెద్ద తేడా లేదు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఎదురుగా గ్లాసుకు ఆనించి నిలబెట్టిన ఫోనులో సీరియల్. వేళ్ళకు పని తెలుసు కాబట్టి వెయ్యి బీడీలు ఎట్లనో అవుతాయి. కానీ కార్ఖానాలో అప్పగించేటప్పుడు వదులుగా చుట్టినవి, కొస సరిగా మడవనివి పక్కకు పోతాయి. పొద్దుగూకేసరికి మెడ పట్టేసి ఉంటుంది. ఆ నొప్పి ఎప్పుడు మొదలైందో కూడా తెలియదు.

షోలాపూర్ పూర్వభాగ్‌లో అడిగినా, భివండీలో అడిగినా, ఆడవాళ్ళు చెప్పే మాట ఒకటే: ‘మనిషి ఇంట్లనే ఉంటడు, కానీ ఇంట్ల ఉండడు.’ మగవాళ్ళను అడిగితే వాళ్ళూ అదే మాట తిప్పి చెప్తారు. ఈ నెల ‘ఇల్లూ మిల్లూ’లో దాని గురించే మాట్లాడుకుందాం.

పెద్ద పట్నాల్లో దీనికి మందుగా ఒక ఇంగ్లీషు మాట తిరుగుతోంది. మైండ్‌ఫుల్‌నెస్ అంటారు. డబ్బు కట్టి క్లాసులకు పోతున్నారు, దానికి కూడా ఒక ఆప్ కొంటున్నారు. మాట కొత్తగా ఉందని బెదరనక్కర్లేదు. మన ఇళ్ళలో దానికి పాత మాట ఉంది. ‘గా సంగతి నీకు ఎరుకేనా?’ అని మన పెద్దమ్మలు అడుగుతారు గదా, ఆ ఎరుకే ఇది. చేతులు ఏం చేస్తున్నాయి, ఒళ్ళు ఎట్లా ఉంది, మనసు ఎక్కడ తిరుగుతోంది అన్నది ఆ ఘడియలోనే తెలిసి ఉండటం. అంతకు మించి అందులో మంత్రమూ లేదు, మాయా లేదు.

సాంచాకు తెలిసినదే

సాంచా మీద పనిచేసినవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. మామూలు సాంచాలో పేక తెగితే సాంచా తానే ఆగుతుంది. ఫోర్కుకు దారం తగలకపోతే ఆగిపోయే ఏర్పాటు అందులో ఉంటుంది. పడుగులో పోగు తెగితే మాత్రం పాత సాంచా ఆగదు. ధోటా అటూ ఇటూ కొడుతూనే ఉంటుంది, బట్ట దిగుతూనే ఉంటుంది. మనం చూసేదాకా ఆ పోగు లేని గీత బట్ట పొడుగునా పడుతూనే ఉంటుంది. చేరెడు దిగాక చూస్తే చేరెడే నష్టం. ఐదు మీటర్లు దిగాక చూస్తే ఐదు మీటర్లు డ్యామేజీ, కూలిలో కోత.

ఇంట్లో కూడా రెండు రకాలుగా తెగుతుంది. మొగుడూ పెళ్ళాల కొట్లాట పేక తెగినట్టు. చప్పుడవుతుంది, అందరూ ఆగి చూస్తారు, పెద్దమనిషి ఎవరో వచ్చి సర్దుతారు. పిల్ల మాటకు చూడకుండా ‘ఆఁ’ అనడం పడుగు పోగు తెగినట్టు. చప్పుడు లేదు, ఏదీ ఆగదు, రోజులు దిగుతూనే ఉంటాయి. నాలుగేళ్ళ తర్వాత ‘వీడు మాతోటి ఏదీ చెప్పడు’ అని బాధపడతాం. గీత ఎక్కడ మొదలైందో అప్పుడు వెతికితే దొరకదు.

మంచి నేతగాడి చేతిలో పోగు తెగదా? తెగుతుంది. పోగు ఎవరికైనా తెగుతుంది. తేడా ఏమంటే, అతను తొందరగా చూస్తాడు. సాంచా ఆపి, ముడేసి, ఫణిలోంచి లాగి, మళ్ళీ నడుపుతాడు. తెగిన పోగును తిట్టుకుంటూ నిలబడితే పక్క సాంచాలో ఇంకొకటి తెగుతుందని అతనికి తెలుసు. మనసు సంగతీ ఇంతే. మనసు పక్కకు పోవడం తప్పు కాదు, అది దాని గుణం. పోయిందని చూసి, తిట్టుకోకుండా, మళ్ళీ పనిలోకి తెచ్చుకోవడమే సాధన. రోజుకు యాభైసార్లు పోతే యాభైసార్లు ముడి వేయడమే.

మనసు పక్కకు పోవడం ఎంత మామూలో ఒక లెక్క కూడా ఉంది. 2010లో అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు ఇద్దరు 2,250 మంది పెద్దవాళ్ళను ఫోను ద్వారానే, వేళ కాని వేళల్లో, ‘ఇప్పుడు ఏం చేస్తున్నారు? మనసు దాని మీద ఉందా? ఎట్లా ఉన్నారు?’ అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేసే పని మీద లేదు. నచ్చని పని చేస్తున్నా సరే, మనసు ఆ పనిలో ఉన్నప్పటికంటే ఎటో పోయినప్పుడే మనుషులు తక్కువ సంతోషంగా ఉన్నారని తేలింది. అంటే ఇది చదువుకున్నవాళ్ళకు, ఆఫీసులవాళ్ళకు కూడా ఉన్నదే.

జేబులో భోంగా

పాత మిల్లులు నడిచిన రోజుల్లో భోంగా ఉండేది. షోలాపూర్‌లో జూనీ మిల్లు 1877లో మొదలైంది. ఆ మిల్లుల కాలంలో ఇక్కడా, బొంబాయి గిర్ణీల దగ్గరా ఊరు లేచేది, పనికి కదిలేది భోంగా మోతతోనే. ఆ మోత మన టైము కొన్నవాడిది. అయినా భోంగా రోజుకు కొన్నిసార్లే మోగేది. మోగి ఆగేది. ఇప్పుడు ఒక్కొక్కరి జేబులో ఒక భోంగా ఉంది. అది ఎప్పుడు మోగుతుందో, ఎన్నిసార్లు మోగుతుందో చెప్పలేం. మోగకపోయినా మోగిందేమో అని తీసి చూస్తున్నాం.

ఈ కొత్త భోంగా వల్ల ఎవరికి లాభం? ఆప్‌లు మనకు ఉచితంగా వస్తున్నాయి గదా, మరి కంపెనీకి పైసలు ఎక్కడివి? అక్కడ అమ్ముడుపోతున్నది మన చూపు. మనం ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు, అంత రాబడి. సమాచారం ఎక్కువైన చోట కరువయ్యేది శ్రద్ధేనని అమెరికా పండితుడు హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించారు. ఆయనకు 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వేలితో తోసేకొద్దీ అడుగు రాకుండా వస్తూనే ఉండే పేజీని 2006లో తయారుచేసిన అజా రాస్కిన్, అది చేసిన చెరుపు చూసి తర్వాత తానే విచారం తెలిపారు.

ఆలోచించండి. బీము మీద పడుగు అయిపోతే కొత్త బీము ఎక్కించేదాకా సాంచా ఆగుతుంది. కండె అయిపోతే మారుస్తాం. పుస్తకానికి ఆఖరి పేజీ ఉంది, సినిమాకు ‘శుభం’ ఉంది. రీల్స్‌కు కొస లేదు. కొస లేని బీము అది. దాన్ని ఆపాల్సింది మనమే. అలసిన మనిషికి ఆపే బలం తక్కువ. కాబట్టి ‘నాకు నిలకడ లేదు’ అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఎదుటి పక్షాన చాలా తెలివైనవాళ్ళు జీతాలు తీసుకుని ఇదే పని మీద కూర్చున్నారు.

ఫోనును శత్రువని పారేయమనడమూ సరికాదు. కూలి జమైన మెసేజీ అందులోనే వస్తుంది. పుణేలో చదివే కొడుకు ముఖం అందులోనే కనబడుతుంది. కరీంనగర్ దిక్కు ఉన్న చిన్నమ్మ బాగోగులు అందులోనే తెలుస్తాయి. ఒకప్పుడు కార్డుముక్క కోసం వారాలు చూసినవాళ్ళం మనం. ఫోను ఉండాలి. దాన్ని మనం తీయాలి, అది మనల్ని తీయకూడదు.

ఎక్కడి విద్య ఇది?

రెండున్నర వేల ఏళ్ళ కింద బుద్ధుడు చెప్పినదాన్ని సతిపట్ఠాన సుత్తం అనే పేరుతో దాచి ఉంచారు. ‘సతి’ అంటే గుర్తు, ఎరుక. అందులో ఊపిరితో మొదలుపెట్టి నడవడం, నిలబడటం, చెయ్యి ముడవడం, చాచడం, తినడం, తాగడం, ఆఖరికి దొడ్డికి పోవడం దాకా అన్నిటినీ ఎరుకతో చేయమని ఉంది. అంటే కళ్ళు మూసుకుని కూర్చోవడం ఒక్కటే సాధన కాదు. మన పెద్దలు బయలుదేరిన గడ్డ మీద కూడా ఈ మాట ఒకప్పుడు వినబడినదే. కరీంనగర్ దిక్కు ధూళికట్టలో, నల్లగొండ దిక్కు ఫణిగిరిలో పాత బౌద్ధ స్తూపాలు బయటపడ్డాయి.

వియత్నాంలో యుద్ధం నడుస్తుండగా థిక్ నాట్ హాన్ అనే భిక్షువు బాంబులు పడ్డ పల్లెల్లో ఇళ్ళు, బడులు తిరిగి కట్టే యువతీయువకుల కోసం 1974లో ఒక పొడుగాటి ఉత్తరం రాశారు. తర్వాత అదే పుస్తకమైంది. గిన్నెలు తోమడం, చాయ తాగడం కూడా సాధన ఎట్లా అవుతుందో అందులో చెప్పారు. ఆ ఉత్తరం తీరికగా ఉన్నవాళ్ళకు రాసింది కాదు, ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకు రాసింది. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ఈ పద్ధతిని మతం జోలి లేకుండా మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో మొదలుపెట్టారు. తగ్గని నొప్పులతో బాధపడే రోగులకు కొన్ని వారాల శిక్షణ అది.

మన మహారాష్ట్రలోనే బొంబాయి నుంచి నాసిక్ పోయే రైలు దారిలో ఇగత్‌పురి ఉంది. అక్కడ ఎస్.ఎన్. గోయెంకా పెట్టిన కేంద్రంలో 1976 నుంచి విపశ్యన శిబిరాలు నడుస్తున్నాయి. పది రోజులు మాట్లాడకూడదు, ఫోను మొదటిరోజే అప్పగించాలి. ఫీజు లేదు, విరాళాలతో నడుస్తుంది. గోయెంకా గురువు ఊ బా ఖిన్ బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్ ఉద్యోగం చేస్తూనే ఈ సాధన నేర్పారు. వీలున్నవాళ్ళు పోయి రావచ్చు. కానీ పీసు లెక్కన కూలి తీసుకునే మనకు పది రోజులు పోతే పది రోజుల కూలి పోతుంది. అందుకని ఉన్న చోటనే, ఉన్న పనిలోనే ఏం చేయొచ్చో చూద్దాం.

పది బై పది గదిలో

పుస్తకాల్లో ‘నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోండి’ అని రాస్తారు. మనకు ఆ గది ఎక్కడిది? ఒకటే గదిలో ఐదుగురం, బయట బోరు దగ్గర బిందెల చప్పుడు, పక్క గల్లీలో సాంచాల మోత. పర్వాలేదు. చప్పుడును ఆపడం మన పని కాదు. ‘ఇది చప్పుడు, నేను వింటున్నాను’ అని తెలిస్తే అదీ ఎరుకే.

మొదట మిల్లు సంగతి. షిఫ్టు ఎక్కేముందు సాంచా పక్కన నిలబడి మూడు ఊపిరులు తీసి వదలండి. కాళ్ళు నేల మీద ఆనిన సంగతి గమనించండి. ఆ తర్వాతే హ్యాండిల్ పట్టండి. ఫోను టిఫిన్ సంచిలో ఉండనివ్వండి. ఇంటి నుంచి అవసరం పడితే ఎవరికి చేయాలో, ఖాతాలో ఒక్కరి నంబరు ఇంట్లో రాసి పెట్టండి. చెవిలో పాటలు పెట్టుకుని సాంచాలు చూడకండి. అనుభవం ఉన్నవాళ్ళు సాంచా మోతలో తేడాను బట్టే ఏదో తప్పిందని పసిగడతారు. ఆ చెవిని పాటకు అమ్మేస్తే డ్యామేజీ ఒక్కటే కాదు, వేలు పోవచ్చు. ధోటా ఎగిరి తగిలితే కన్ను పోవచ్చు. ఇక్కడ ఎరుక అంటే శాంతి సంగతి తర్వాత, ముందు ఒళ్ళు కాపాడుకోవడం.

అక్కలూ, బీడీలు చుట్టే చోట సీరియల్ మానేయమని చెప్తే మీరు నవ్వుతారని తెలుసు. పొద్దంతా అదే పని, విసుగు రాకుండా ఉంటుందా? ఒక్క కట్ట చాలు. రోజుకు ఒక్క కట్ట, పాతిక బీడీలు, ఫోను బోర్లించి పెట్టి చుట్టండి. ఆకు మెత్తదనం, దారం బిగువు, మెడ ఎట్లా వంగింది, భుజం ఎక్కడ పట్టింది, ఇవి చూసుకోండి. నొప్పి మొదట్లోనే తెలిస్తే అప్పుడే లేచి రెండు అడుగులు నడవొచ్చు, గ్లాసెడు నీళ్ళు తాగొచ్చు. రాత్రికి మందు బిళ్ళ వేసుకునేదాకా పోదు.

తిండి సంగతి. అమెరికా శిక్షణలో మొదటి పాఠంగా ఒక్క కిస్‌మిస్‌ను మెల్లగా తినిపిస్తారు. మనకు కిస్‌మిస్ ఎందుకు? జొన్నరొట్టె, శేంగ చట్నీ చాలు. మొదటి ఐదు ముద్దలు ఏదీ చూడకుండా తినండి. చట్నీలో ఎల్లిపాయ తగిలిందా, ఉప్పు సరిపోయిందా, రొట్టె వేడిగా ఉందా తెలియాలి. ఐదు ముద్దల తర్వాత మీ ఇష్టం. ఆ రొట్టె వెనుక ఇద్దరి కష్టం ఉంది, సంపాదించినవాళ్ళదీ, కాల్చినవాళ్ళదీ. దాని రుచి కూడా తెలియకుండా మింగితే ఆ కష్టం ఏమైనట్టు?

ఫోనుకు ఒక గూడు చూపించండి. పాత ఇళ్ళలో దీపానికి గోడలో గూడు ఉండేది గదా. ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి తిని లేచేదాకా ఇంట్లో అందరి ఫోన్లూ ఒక చోట ఉండాలి. పెద్దవాళ్ళది కూడా. ‘నువ్వు మాత్రం చూస్తవ్, నన్ను వద్దంటవ్’ అని పిల్లలు అడిగితే జవాబు ఉండదు. పండుకునేటప్పుడు చాప పక్కన పెట్టుకోకుండా చెయ్యి అందని చోట పెట్టండి. గుడ్ మార్నింగు బొమ్మలు తప్ప ఏమీ రాని వాట్సాప్ గ్రూపులను మ్యూట్ చేయండి. ఇంకే ఆప్ ఊరికే మోగుతుందో దాని నోటిఫికేషను బందు చేయండి. చేతకాకపోతే ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లనడగండి, రెండు నిమిషాల్లో చేసిపెడుతుంది. అన్నలూ, ఇంటామెను ఫోను పెట్టమనే ముందు ఒక మాట. ఆమె ఫోను చూసే ఆ అరగంటే ఆమెకు దొరికే విశ్రాంతి అయితే, ముందు ఆమె చేతిలో పని కొంత అందుకోండి.

ఆఖరుది పది ఊపిరులు. నీళ్ళ లైనులో నిలబడ్డా, రిక్షాలో కూర్చున్నా, షిఫ్టు దిగి నడుస్తున్నా చేయొచ్చు. గాలి లోపలికి, బయటికి, ఒకటి. అట్లా పది. మూడు దగ్గరే మనసు అప్పు మీదికో అత్త మాట మీదికో పోతుంది. పోయిందని తెలిసిందా? అదే గెలుపు. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. ముడేసినట్టే.

ఎరుక అంటే ఓర్చుకోవడం కాదు

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఊపిరి చూసుకుంటే కూలి పెరగదు. వడ్డీ తగ్గదు. పన్నెండు గంటల షిఫ్టు ఎనిమిది కాదు. ‘మనసు ప్రశాంతంగా పెట్టుకో, అన్నీ సర్దుకుంటాయి’ అని ఎవరైనా అంటే ఆ మాట ఎవరికి లాభమో చూడండి. ఎరుక ఉన్నవాడు నోరు మూసుకుని ఉండాలని ఎక్కడా లేదు. పోగు తెగింది చూడగలిగే కన్ను కూలి చిట్టీలో తప్పిన అంకెను కూడా చూస్తుంది. మీటర్లు తక్కువ రాశారా, పీఎఫ్ కట్టారా, బీడీ ఆకు తక్కువ తూచారా అన్నది సోయి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. కోపంతో అరిచే మాటకంటే, లెక్క చేతిలో పట్టుకుని నిదానంగా నలుగురితో కలిసి అడిగే మాటకు బలం ఎక్కువ.

ఇంకోటి. కొందరికి కళ్ళు మూసి కూర్చుంటే దిగులు ఇంకా పెరుగుతుంది. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తాగుడు చేయి దాటినా, బతకబుద్ధి కావట్లేదన్న ఆలోచన వచ్చినా ఇంటి చిట్కాలతో ఆగకండి. డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. పైసలు పడవు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడే వీలుంది. ఈ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. మీకు కాకపోతే పక్కింటివాళ్ళకు పనికొస్తుంది.

ఈ నెల పని

నాలుగు చెప్తే నాలుగూ చేయలేం. ఒక్కటి పట్టుకోండి. ఈ నెలంతా ఇంట్లో పిల్లో పిల్లగాడో మాట మొదలుపెట్టినప్పుడు ఫోను బోర్లించి, ముఖం చూస్తూ, మాట అయిపోయేదాకా వినండి. సలహా ఇవ్వకండి, మార్కులు అడగకండి. పది నిమిషాలు పట్టదు. పిల్లలు లేని ఇంట్లో ముసలి తల్లి ఉంటుంది, ఆమె పాత ఊరి ముచ్చట మళ్ళీ మొదటి నుంచి చెప్తుంది. అదీ వినండి. మధ్యలో మనసు పోతుంది. పోయిందని తెలియగానే మళ్ళీ ఆ ముఖం మీదికి రండి.

నెలాఖరుకు ఏం తేడా కనబడిందో, ఏది కుదరలేదో రెండు ముక్కలు రాసి పంపండి. కుదరనిది రాస్తే ఇంకా మేలు, పదిమందికి పనికొస్తుంది. సాంచాల మోతతో చెవులు మందగించే సంగతి చాలామంది అడుగుతున్నారు. వచ్చే నెల అది మాట్లాడుకుందాం.